వెన్నలా తిరిగిన బండి

బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాను, చల్లగా ఉంది, మంచిదే. పదింటికి వస్తామని చెప్పి తొమ్మిదింపావుకే దిగింది ఇందుకే. అమ్మేవాళ్ళు పొద్దున్నే ఓసారి ఇంజను తిప్పి వేడెక్కించి పెట్టేస్తారు, చలి మీద లేవలేని రోగం ఉంటే అది అప్పుడు మన కంట పడదు, జ్వరం మాత్ర మింగించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినట్టు ఉంటుంది. నా చెయ్యి ఎక్కడ పడిందో యార్డు యజమాని చూశాడు, చూసి నవ్వాడు. "ఇంకా తాళం కూడా పెట్టలేదండీ, మీరే తీసి చూసుకోండి" అన్నాడు. ఆ నవ్వులో తప్పేమీ లేదు. ఎవరు నవ్వినా రంగు కింద తుప్పుందేమోనని వెతకడం నాకు అలవాటైపోయింది. మెకానిక్కుని కదా, వృత్తిదోషం అనుకునేవాణ్ణి, కాని నాలుగేళ్ళుగా అది నా సొంత దోషం కూడా. వెనకనుంచి బావమరిది గొంతు, "ఏమంటావు బావా?" ఏమంటాను, ఇంకా రేకు ముట్టుకున్నానంతే, కాని వాడికి నా చెయ్యి పడితే చాలు, సగం పరీక్ష అయిపోయినట్టే. వాడి నమ్మకం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, వాడి మీద కాదు.

యార్డు పెద్దదేం కాదు. పైన రేకుల కప్పు, కింద సిమెంటు నేల, ఓడల్లో పెట్టెల్లో వచ్చిన బండ్లు పాతిక దాకా, ఒకదాని అద్దం ఇంకోదాని చెక్కిలికి తగిలేంత దగ్గరగా. మధ్యలో మాత్రం తిప్పి చూపించడానికి కాస్త విశాలంగా ఖాళీ వదిలారు. మేం చూసేది బూడిదరంగుది, నాలుగు పలకలుగా బీరువాలా ఉంటుంది, ఏదో చలిదేశంలో పన్నెండేళ్ళు తిరిగి వచ్చింది. ఆ దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, ఆ ఉప్పు బండి అడుగుని కొరుక్కు తినేస్తుంది, ఇక్కడికి వచ్చాక పైన మెరుగు పెట్టి నిలబెడతారు, పైన పటారం లోన లొటారం. అందుకని అట్టపెట్టె ఒకటి చింపి నేల మీద పరిచి, టార్చి, చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరాను. నా వయసులో దూరడం తేలికే, బయటికి రావడమే కష్టం. మా ఆవిడ అంటుంది, ఏదో ఒకరోజు నువ్వు కింద ఉండగానే బండి అమ్ముడైపోయి వెళ్ళిపోతుంది, నువ్వు అట్ట మీద పడుకుని ఆకాశం చూస్తూ ఉంటావని.

బండి కింద పడుకుంటే మనుషులు మోకాళ్ళ దాకానే ఉంటారు. యజమాని చెప్పులు, పగిలిన మడమలు. బావమరిది గుడ్డబూట్లు, బ్యాటరీ ఆసిడ్ పడి చిన్న చిన్న చిల్లులు. వాడి పని ఫోను టవర్లు, కొండల మీద ఉన్నవి తొమ్మిది వాడి కిందే, వాటికి బ్యాటరీలు మార్చాలి, డీజిలు డబ్బాలు చేర్చాలి, అందుకే ఇంట్లో వాణ్ణి టవరు అంటాం, పొడుగు కూడా అలాంటిదే. ఆ బూట్లు ఓ చోట నిలబడవు, మడమ మీద లేస్తూ దిగుతూ ఉంటాయి, వాడి మనసులో ఏముందో మొహం కంటే పాదాలు ముందు చెబుతాయి. బండి అడుగు చట్రం, అదే ఛాసిస్ మీద సుత్తితో కొట్టాను, ఖణేల్మంది. ఇంకో జానెడు జరిగి కొట్టాను, ఖణేల్. గట్టి ఇనుము గంటలా పలుకుతుంది, తుప్పు తిన్నది గోనెసంచిని కొట్టినట్టు పలుకుతుంది, ఇది మా ముసలి మేస్త్రి నేర్పిన మొదటి పాఠం. కంటిని నమ్మకు, కంటికి ఎవడైనా రంగు పూయగలడు, అనేవాడు. ముసలి మేస్త్రి చెప్పినవన్నీ నేను విన్నాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని ఖరీదు నేను కట్టలేదు, పైన నిలబడ్డ ఈ గుడ్డబూట్లవాడు కట్టాడు, తాను కడుతున్నానని వాడికి తెలీదు.

దాచేదేముంది, ఇక్కడ బండి కింద నాకు నేను చెప్పుకోవడానికి. నాలుగేళ్ళ క్రితం వాడికి ఇలాంటి బండే నేనే చూసి కొనిపెట్టాను, చూడాల్సింది చూడకుండా బాగుందన్నాను, మూడు నెలలకి అది కొండవాలు మీంచి వెనక్కి జారి కాలవలో పడింది. తప్పు నాదని తర్వాత నాకు తెలిసింది. వాడికి చెప్పలేదు. అంతే కథ. అంతే అనుకుంటాను గాని అది అంతలో ఉండదు, ప్రతి భోజనం దగ్గరా ఇంకో మెతుకంత పెరుగుతుంది.

మేస్త్రి చెప్పిన ఆ ఒక్కటీ ఏమిటంటే, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండి కొనేటప్పుడు దాని ఫోర్ లివరు వేసి, గట్టినేల మీద స్టీరింగు చివరిదాకా తిప్పి నెమ్మదిగా పోనియ్. కుంటితే కొను, కుంటకపోతే వదిలెయ్. ఇది మామూలు బుద్ధికి తిరకాసుగా ఉంటుంది, కుంటేదాన్ని ఎవడు కొంటాడు? కాని నలుగురు మంచం మోసుకుంటూ వీధి మలుపు తిరుగుతున్నారనుకోండి, బయటివైపు వాళ్ళు ఎక్కువ నడవాలి, లోపలివైపు వాళ్ళు తక్కువ నడవాలి. నలుగురూ ఒకే లెక్కన అడుగెయ్యాలని పట్టుపడితే మంచం గుంజుకుంటుంది. ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి బిగించుకున్న బండి కూడా మలుపులో అలాగే గుంజుకుంటుంది. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తెలీదు. సిమెంటు మీద జారడానికి వీల్లేదు, కొట్టుకుంటుంది, కీచుమంటుంది, కుంటుతుంది. కుంటిందంటే నాలుగు చక్రాలూ నిజంగా పని చేస్తున్నాయి. మెత్తగా తిరిగిందంటే ముందు చక్రాలు ఊరికే దొర్లుతున్నాయి, కొండ మీద అవి లాగవు.

ఆరోజు వేరే యార్డు, వేరే సిమెంటు. లివరు వేశాను, డాష్‌బోర్డు మీద దీపం వెలిగింది, కింద వంగి చూస్తే ముందు ఇరుసుకి పోయే షాఫ్టు తిరుగుతోంది. చివరిదాకా స్టీరింగు తిప్పాను. వెన్నలా తిరిగింది. ఒక్క నిమిషం, నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం కంటే ఎక్కువే, మేస్త్రి మాట చెవిలో పడింది. దాన్ని నేనే తోసేశాను. ఆ ముసలాయన చూసినవి పాత జీపులు, ఇది విదేశీ సరుకు, వాళ్ళు ఎంత తెలివిగా చేస్తారో, మలుపులో సర్దుకునే ఏర్పాటు లోపలే పెట్టి ఉంటారు, అలాంటివి ఉన్నాయి కూడా. దూరపు కొండలు నునుపు. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి చూస్తే పదినిమిషాల పని. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, పక్కన బావమరిది కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాడు. "నా సర్వీసులో ఇంత మెత్తని బండి చూడలేదురా" అన్నాను. ఆ మాట వాడు ఎంతమందికి చెప్పాడో. మా బావ ఇలా అన్నాడు, మా బావ నోట ఆ మాట వచ్చిందంటే ఇంక తిరుగులేదు.

ఇప్పుడీ బూడిదరంగుదాని షాఫ్టు జాయింట్లు పట్టుకుని ఊపాను, ఆట లేదు, బిగువుగానే ఉన్నాయి. గేరుబాక్సు అడుగున నూనె చెమ్మ, చెమ్మే గాని చుక్క లేదు. స్టీరింగు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మార్చిన బండి, అతుకు పడ్డచోట వెల్డింగు చూశాను, వంకరగా ఉంది గాని గట్టిగా ఉంది, చేతిరాత బాగోకపోయినా లెక్క సరిగా చేసే పిల్లాడిలాగ. పక్కన ఇంకో బండి ఇంజను లేచిన చప్పుడు, చెప్పులు వెళ్ళిపోయాయి, గుడ్డబూట్లు ఆ వైపుకి తిరిగాయి. ఏదో తెల్ల బండి ఖాళీస్థలంలో గిర్రున చుట్టు తిరుగుతోంది, రేకు అంచూ టైర్లూ మాత్రమే కనిపిస్తున్నాయి, చప్పుడు లేకుండా దొర్లుతున్నాయి. నేను చూపు తిప్పుకుని ముందు ఇరుసు దగ్గరికి జరిగాను. ఇక్కడికి వచ్చేసరికి చేతులు నెమ్మదిస్తాయి, నాలుగేళ్ళుగా ఏ బండికైనా ఇంతే.

ఆ జారిన బండిని తాళ్ళతో లాగి మా షెడ్డుకి తెచ్చారు. అది జారింది వాన పడ్డ ఆదివారం. టవరు దగ్గరినుంచి కొండలన్నీ కనపడతాయట కదా నేనూ వస్తానని వాడి భార్య ఎక్కింది, పెళ్ళైన ఏడేళ్ళకి మొదటిసారి అడిగిందట. వాలు సగంలో వెనక చక్రాలు బురదలో తిరుగుతూ ఉండిపోయాయి, ముందువి లాగలేదు, బండి వెనక్కి జారింది. వాడికి గీతలు పడ్డాయి. ఆమెకు ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది, ఆ వీధి మొత్తానికి కాలరు కుట్టాలంటే ఆమే. కుడిచెయ్యి చక్రం తిప్పినా గుడ్డని మలుపు తిప్పాల్సింది ఎడమచెయ్యే, అది ఇప్పుడు అంత మెత్తగా తిరగదు. కాలర్లు మానేసింది. దిండుగలీబులు, కర్టెన్లు, తిన్నగా పోయే కుట్లు ఏవైనా సరే తీసుకుంటుంది. నేను ఓసారి వెళ్ళినప్పుడు గలీబులు మడత పెడుతూ, తిన్నగా పోవడంలోనూ సుఖం ఉందన్నయ్యా, ఆలోచించక్కర్లేదు అంది. నేను టీ తాగి వచ్చేశాను.

మంగళవారం పొద్దున, షెడ్డులో నేనొక్కణ్ణే, ముందు చక్రం విప్పి, చివరి మూత ఊడదీసి ఇరుసు గొట్టంలోకి టార్చి వేశాను. వెలుతురు ఆగలేదు. చక్రాన్ని తిప్పే కడ్డీ అక్కడ అడ్డం రావాలి, లేదు. రెండోవైపు విప్పాను, అక్కడా లేదు. ఎవడో ఎప్పుడో విరిగినవి తీసేసి, కొత్తవి వెయ్యకుండా నూనె కారకుండా చివర్లు మూసి పంపేశాడు. దీపం వెలుగుతుంది, షాఫ్టు తిరుగుతుంది, చక్రాల దాకా ఏమీ చేరదు. నేను టార్చి ఆర్పకుండా అలాగే కూర్చున్నాను. అప్పుడే వాడు రెండు గ్లాసుల టీతో లోపలికి వచ్చాడు, "ఏమైనా విరిగిందా బావా లోపల?" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఒకటి విరిగి ఉంటే బాగుండునన్న ఆశ ఉంది, అది నాకు అప్పుడు వినపడలేదు, లేక వినపడినా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. "లేదురా, బండి శుభ్రంగా ఉంది. వానకి ఎవరు మాత్రం ఏం చేస్తారు" అన్నాను. ఓదార్పు అనుకున్నాను. బండి శుభ్రంగా ఉంటే మరి తప్పెవరిది? ఆ ప్రశ్న వాడు ఇంటికి పట్టుకెళ్ళాడు.

అప్పటినుంచి వాడు స్టీరింగు పట్టలేదు. అద్దె బండి తీసుకుని డ్రైవరుని పెట్టుకున్నాడు, పక్కసీట్లో కూర్చుంటాడు, మలుపు వచ్చినప్పుడల్లా వాడి కుడికాలు ఖాళీ నేలని తొక్కుతుంది, నేను వెనకసీట్లోంచి చూశాను. వాడి భార్య వాడితో ఏ బండీ ఎక్కదు. దెబ్బలాటేం కాదు, బస్సులో వస్తాలే మీరు వెళ్ళండి అంటుంది, అంతే. మా ఆవిడేమో, మా తమ్ముడికి చిన్నప్పటినుంచీ చెయ్యి నిలకడ లేదు, సైకిలు మీంచి కూడా పడేవాడు అని నలుగురిలో నవ్వుతూ చెబుతుంది, వాడూ నవ్వుతాడు. నేను పళ్ళెంలోకి చూస్తూ తింటాను. బావమరిది బతకగోరు అని సామెత, నిజమే, వాడు నా బతుకు కోరేవాడే, నాకు జ్వరం వస్తే నాకంటే ముందు వాడు పడుకుంటాడు. బావ గురించి సామెత ఏమీ లేదు, ఎందుకు లేదో నాకు తెలుసు.

ఇప్పుడు డ్రైవరు వేరే ఉద్యోగం దొరికి మానేస్తున్నాడు. టవర్ల కంపెనీ వాళ్ళు ఒకటో తారీకు నుంచి సొంతంగా ఫోర్ వీల్ బండి ఉన్నవాళ్ళకే కొండ టవర్లు అన్నారు. ఆ పాతది ఎప్పుడో తుక్కు కింద పోయింది. మొన్న షెడ్డుకి వచ్చి, "నువ్వు చూసి ఊఁ అంటే చాలు బావా, నేను కళ్ళు మూసుకుని తీసుకుంటా" అన్నాడు. కళ్ళు మూసుకోవద్దురా అన్నాను. వాడు నవ్వాడు. ఒక్కటి మాత్రం రాత్రే నిర్ణయించుకున్నాను, ఈసారి కుంటనిదాన్ని వాడి చేత కొనిపించను, అంతవరకైనా చేస్తే కొంత బరువు దిగుతుంది. ఎంత దిగుతుందో లెక్క వెయ్యలేదు.

ఈ బండికి జాకీ ఎత్తాను, ముందు చక్రాన్ని చేత్తో తిప్పాను, షాఫ్టు దానితోపాటు కదిలింది. రెండోవైపు కూడా. కడ్డీలున్నాయి. బయటికి వచ్చాను, రావడానికి ముందు మోచెయ్యి, తర్వాత మోకాలు, తర్వాత దేవుడు సాయం పట్టాలి. లోపల చూశాను. సీటుబెల్టు చివరిదాకా లాగాను, మట్టి మరక లేదు, నీళ్ళలో మునిగిన బండి కాదు. క్లచ్ పెడలు రబ్బరు కుడి అంచు అరిగి ఉంది, కొంచెమే, మీటరు చెప్పే అంకెకి సరిపోతుంది. ఆ అంకె మైళ్ళలో ఉందని, కిలోమీటర్లైతే ఇంకా ఎక్కువని బావమరిదికి గుర్తు చేశాను, వాడి మొహం కొంచెం చిన్నబోయింది. తలుపు అంచున అర్థంకాని లిపిలో ఒక చీటీ అతికించి ఉంది, వాడికి అది సర్టిఫికెట్‌లా కనపడుతోంది, ఫోటో కూడా తీసుకున్నాడు, అందులో ఇంకోసారి ఈ షాపుకి రావద్దు అని రాసి ఉన్నా మనకు తెలీదురా అన్నాను. వెనకసీటు సందులో వేలు పెడితే ఒక తలపిన్ను దొరికింది, చిన్నపిల్లది, ఎర్ర ప్లాస్టిక్కుది. ఎక్కడో మంచులో ఎవరో పిల్ల ఈ సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ బడికి వెళ్ళింది, ముందుసీట్లో వాళ్ళ నాన్న తోలుతుంటే నిద్రపోయి కూడా ఉంటుంది. అలా నిద్రపోవాలంటే తోలేవాడి మీద ఎంత నమ్మకం ఉండాలి. తలపిన్నుని యార్డు యజమాని చేతిలో పెట్టాను, ఆయన దాన్ని ఏం చెయ్యాలో తెలీక జేబులో వేసుకున్నాడు.

తాళం తిప్పగానే ఇంజను లేచింది, మొదట గరగర, తర్వాత సర్దుకుంది. పొగ తెల్లగా వచ్చి పోయింది. యజమాని నా పక్కన ఎక్కాడు, బావమరిది కింద నిలబడ్డాడు. లివరు వేశాను, దీపం వెలిగింది, దీపాన్ని నమ్మేవాడెవడు ఇప్పుడు. స్టీరింగు చివరిదాకా తిప్పి క్లచ్ నెమ్మదిగా వదిలాను. టైర్లు కీచుమన్నాయి, బండి దభేల్మని ఎగిరినట్టయి ఆగి మళ్ళీ దభేల్మంది, యజమాని డాష్‌బోర్డు పట్టుకున్నాడు. కుంటింది. కుంటుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంకో చుట్టు తిప్పాను, సిమెంటు మీద నల్లటి గీతలు పడుతున్నాయి, ఇలాంటి సంతోషం నా పనిలో ఎప్పుడో గాని రాదు. బావమరిది రెండు చేతులూ ఊపుతూ ఎదురొచ్చాడు.

"ఆపు బావా, ఆపు! ఇదేంటి ఇలా కొట్టుకుంటోంది? వద్దులే, దీన్ని వదిలేద్దాం." కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు కింద ఉన్నప్పుడు ఆ తెల్లది తిప్పించి చూశాను. ఫోర్ వేసే తిప్పాడు. అచ్చం మన పాత బండిలాగే, వెన్నలా తిరిగింది. అది చూడు."

యజమాని డాష్‌బోర్డు వదిలి తెల్లదాని వైపు చూశాడు. ఆయనకి ఏది అమ్ముడైనా ఒకటే, పైగా తెల్లది ఎక్కువ కాలంగా పడి ఉన్నట్టుంది, దాని అద్దం మీది వైపరు కింద దుమ్ము గట్టిపడింది, ఇప్పుడిది చూడటం దేనికి, వాడు నా మొహంకేసి చూస్తున్నాడు, జవాబు చెప్పాలి. ఇంజను ఆపాను.

"ఇది కుంటాలిరా. గట్టినేల మీద కుంటితేనే నాలుగూ లాగుతున్నట్టు" అన్నాను, మంచం మోసేవాళ్ళ సంగతి చెప్పాను. వాడు రోజూ తీగలతో, కరెంటుతో పనిచేసేవాడు, రెండో వాక్యం పూర్తి కాకముందే అర్థమైపోయింది. నేల మీద నల్లగీతలు చూశాడు, తెల్ల బండిని చూశాడు, తల ఊపాడు. పని అయిపోయింది అనుకున్నాను. ఈ బండి కొంటాం, ఇంటికి పోతాం. అప్పుడు వాడే అన్నాడు, ఎవరినీ తప్పు పట్టకుండా, తెలుసుకుందామని.

"మరి మనది కుంటలేదు కదా బావా?"

అబద్ధం నా నాలుక చివరే ఉంది, నాలుగేళ్ళుగా ఉతికి మడత పెట్టి ఉంచినట్టు శుభ్రంగా ఉంది. అది నిజంగానే ఉన్న విషయం కూడా, మలుపులో సర్దుకునే రకం బండ్లు ఉంటాయి, ఎవరిని అడిగినా అవునంటారు. "అది వేరే రకంరా" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. నాకే ఆశ్చర్యమేసింది ఎంత మామూలుగా ఉందో.

"ఓహో. అంటే ఇంకా మంచి రకమన్నమాట" అన్నాడు వాడు. "అంత మంచి బండిని కూడా నేను ఎక్కించలేకపోయాను చూడు." నవ్వాడు. మా ఆవిడ సైకిలు కథ చెప్పినప్పుడు నవ్వే నవ్వే అది. ఏడ్చి ఉంటే నేను ఇంకో అబద్ధం చెప్పేవాణ్ణేమో, ఊరుకోబెట్టడానికి. నవ్వేసరికి నావల్ల కాలేదు. వాడు దాన్ని ఒప్పేసుకున్నాడు, చెవుడు ఉన్నవాడు చెవుడు ఉందని ఒప్పుకున్నట్టు, తనకి చేతకాదని ఒప్పేసుకుని దానితోనే బతుకుతున్నాడు, ఆ జబ్బు వాడికి లేదు, నేనంటించాను.

"వేరే రకం కాదు" అన్నాను. "దాంట్లో ముందు చక్రాలకి కడ్డీలే లేవురా. ఖాళీ గొట్టం. కొనేముందు జాకీ ఎత్తి చూడాల్సింది, చూడలేదు. అది ఆ వాలు ఎక్కదు, ఎవరు తోలినా ఎక్కదు. నేను తోలినా పడేది."

యజమాని మెల్లగా తలుపు తీసుకుని దిగి, జేబులోంచి గుడ్డ తీసి, యార్డు ఆ చివర ఉన్న బండి దగ్గరికి వెళ్ళి అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దం తుడవడం మొదలుపెట్టాడు. మంచి మనిషి. బావమరిది గొంతుక్కూర్చుని నేల మీది నల్లగీత మీద వేలు పెట్టాడు, వేలు చూసుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"షెడ్డుకి తెచ్చాక. మంగళవారం."

"నేను టీ తెచ్చిన రోజు."

"ఊఁ."

"నేను అడిగాను."

"అడిగావు."

 తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, తిట్టడం తెలియనివాడు కాదు. రేకుల కప్పు ఎండకి టక్‌మంటూ సాగుతోంది. "బండన్నాక పడుతుంది, చెయ్యి విరిగింది, సరే" అన్నాడు చివరికి, నేలతో చెబుతున్నట్టు. "చూడకపోవడం కూడా సరే, మనిషివి. నన్నెందుకు అలా వదిలేశావు బావా నాలుగేళ్ళు? రాత్రి పడుకుంటే ఆ క్లచ్ ఎప్పుడు వదిలానా అని వెతుక్కునేవాణ్ణి. ముందు వదిలానా, వెనక వదిలానా అని."  భయమేసింది అన్నాను, అది నిజమే గాని జవాబు కాదు. నీ దగ్గర పేరు పోతుందని అన్నాను. వాడు లేచి నిలబడి చెయ్యి చాపాడు, తాళం కోసమని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"దిగు" అన్నాడు.

దిగాను. వాడు ఎక్కాడు. సీటు వెనక్కి జరుపుకున్నాడు, అద్దం సర్దుకున్నాడు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అలా ఉండిపోయాడు. మొదటిసారి క్లచ్ వదలగానే ఇంజను ఆగిపోయింది.  రెండోసారి కదిలింది. చివరిదాకా తిప్పాడు, బండి కీచుమంది, కుంటింది, వాడు ఆపలేదు, ఒక చుట్టు, రెండు చుట్లు, మూడో చుట్టుకి వాడి భుజాలు కిందికి దిగాయి, క్లచ్ ఎక్కడ పట్టాలో ఎక్కడ వదలాలో పాదానికి గుర్తొచ్చినట్టుంది. వాడి చెయ్యి నిలకడగానే ఉంది. ఎప్పుడూ నిలకడగానే ఉండేది. నేను మధ్యలో నిలబడి వాడి చుట్టూ, కాదు, వాడే నా చుట్టూ తిరుగుతుంటే చూశాను, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, టైర్ల పొగ అని చెప్పుకోవడానికి కూడా పొగ లేదు.

నా పక్కకి తెచ్చి ఆపాడు, ఇంజను ఆపలేదు. ఫోను తీశాడు. "నేనే... ఆఁ, యార్డులోనే ఉన్నాం... లేదు, కొనడం సంగతి తర్వాత. ఇదిగో, బావ నీతో మాట్లాడతాడంట" అన్నాడు. నేను అలా అనలేదు. కిటికీలోంచి ఫోను నాకు చాపాడు, మొహం రోడ్డు వైపు తిప్పుకుని, "నీ నోటితో చెప్పు" అన్నాడు, కోపంగా కాదు, పనివాడు పని చెప్పినట్టు. చేతికి గ్రీజు ఉంది, ప్యాంటుకి తుడుచుకుని తీసుకున్నాను. అవతల కుట్టుమిషను నడుస్తోంది, తిన్నగా, ఆగకుండా.

"చెప్పండి అన్నయ్యా. బండి బాగుందా?"

"ఇది బాగుందమ్మా" అన్నాను. "ఆ రోజుదే బాలేదు. దానికి ముందు చక్రాలు లాగవు. బాగుందని చెప్పి కొనిపించింది నేనే. మీ ఆయన ఆరోజు సరిగానే తోలాడు, తప్పు నాది, ఇన్నాళ్ళూ దాచాను."

మిషను ఆగిపోయింది. ఫోను కట్టయిందేమోనని చూశాను, కట్టవలేదు. ఆమె ఊపిరి వినపడుతోంది.

"మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాను, ఈసారి ఇంజను చప్పుడు మీదుగా వాడికి కూడా వినపడేంత గట్టిగా.